నిండు పరుగులో ఆపిన ఇంజన్

నాలుగో రోజు కూడా బావ కంచం పట్టుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు. వెళ్తూ తలుపు దభాలున వేస్తాడేమోనని చూశాను. వెయ్యలేదు. గడియ చప్పుడు కూడా వినిపించకుండా నెమ్మదిగా దగ్గరికి లాక్కున్నాడు. ఆయనకి నిజంగా కోపం వస్తే ఇలాగే ఉంటుంది, అరిచే రోజుల్లో భయం లేదు.

అక్క తన కోపమంతా గిన్నెల మీద చూపిస్తోంది. బుల్లి, అంటే అక్క కూతురు, ముందు లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని పొద్దుటినుంచీ ఒక్క ముక్క రాయలేదు. తండ్రి ఖాళీ కుర్చీ పక్కన కూర్చోబుద్ధి కాక నా వైపుకి జరిగి కూర్చుంది. తింటున్నది నేనొక్కదాన్నే. ఏం చెయ్యను, ఇంట్లో ముగ్గురూ అలిగితే వండినదానికి ఎవరో ఒకరు న్యాయం చెయ్యాలి కదా.

రేపు సోమవారం పదింటికి విచారణ. బుధవారం సాయంత్రం టెస్టింగు గదిలో బుల్లి ఇంజన్ పాడైంది. పాడు చేసింది వాళ్ల నాన్నేనని ఫ్యాక్టరీ అంతా కోడై కూస్తోంది. ఎందుకు పాడైందో రాసి సంతకం పెట్టాల్సింది బుల్లి, ఎందుకంటే ఆ ఇంజన్‌కి పెద్ద తనే.

నేను అదే ఫ్యాక్టరీలో సీట్లకి తోలు కుడతాను, ఇరవై రెండేళ్లుగా. ఇంజన్ల గురించి నాకు తెలిసిందల్లా ఈ ఇంట్లో బతకడం వల్ల చెవిన పడ్డదే. మా ఫ్యాక్టరీలో తయారయ్యేవి వేగంగా దూసుకుపోయే స్పోర్ట్స్ కార్లు. బావ కట్టేవి గాలిని తమంతట తాము పీల్చుకునే పెద్ద ఇంజన్లు, ఎనిమిది సిలిండర్లవి. వాటి గర్జన వినే జనం కొంటారని ఆయన నమ్మకం. బుల్లి చేసింది టర్బో ఇంజన్. సిలిండర్లు ఆరే. బయటికి పోయే వేడి పొగని వదిలెయ్యకుండా దాంతోనే ఒక చిన్న చక్రాన్ని గిర్రున తిప్పి, ఆ చక్రంతో ఇంజన్లోకి గాలిని బలవంతంగా నెడతారు. దాంతో చిన్న ఇంజన్ పెద్దదాని పని చేస్తుంది, పొగా తగ్గుతుంది. పొగ మీద కొత్త రూల్సు వచ్చాక మాలాంటి కంపెనీలన్నీ అటే తిరిగాయి. మా వాళ్లు అందరికంటే ఆలస్యంగా తిరిగారు, అదీ బావ అడ్డం పడబట్టే.

ముక్కు మూసి నోట్లో కుక్కితే తినే ఇంజన్ అని క్యాంటీన్లో వందమంది ముందు అన్నాడాయన. అది తన కూతురిదని అప్పటికి తెలీదు. ఎనిమిది నెలలుగా బుల్లి బ్రేకుల విభాగంలో ఉన్నానని ఇంట్లో చెబుతూ వచ్చింది. క్రితం ఆదివారం ఇదే టేబుల్ దగ్గర అక్క నోరు జారింది. అప్పుడు తెలిసింది ఆయనకి. అక్కకి ముందే తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో తెలియనిది ఆయనొక్కడికే. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

ఆదివారం తెలిసింది, బుధవారం ఇంజన్ పోయింది. ఇంకెవరైనా ఏమనుకుంటారు?

అక్క గిన్నెలు వదిలేసి వచ్చి కూతురి ఎదురుగా నిలబడింది. ఏదో ఒకటి రాసి పారెయ్యి, యంత్రంలో లోపం అని రాయి అంది. అలా కుదరదని బుల్లి చెప్పింది. టెస్టింగు గదిలో కంప్యూటర్ అన్నీ నమోదు చేసుకుంటుందట. ఐదూ పదికి నాన్న కార్డుతో తలుపు తెరుచుకుంది. ఇంజన్ పన్నెండు నిమిషాలు పూర్తి వేగంతో తిరిగింది. తరవాత ఆ వేగంలోనే ఒక్కసారిగా ఆపేశారు. టర్బో ఇంజన్‌ని అలా ఆపకూడదు. అప్పటికి ఆ చిన్న చక్రం ఎర్రగా కాగి ఉంటుంది, దాని ఇరుసుని చల్లబరిచేది పారే ఆయిలే. ఐదు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపాలి. చటుక్కున ఆపితే ఆయిల్ ఆగిపోయి, ఉన్నది ఉన్నచోటే మాడిపోతుంది. గురువారం పొద్దున చూస్తే ఇరుసు బిగుసుకుపోయింది.

"ఫారంలో కారణం అన్న కాలమ్‌లో రెండే ఉన్నాయమ్మా," అంది బుల్లి. "కావాలని చేశారా, తెలియక చేశారా. ఏదో ఒక దాని పక్కన టిక్కు పెట్టాలి."

"తెలియక అని పెట్టు."

"నాన్నకి తెలియదంటే ఎవరైనా నమ్ముతారా? నువ్వు నమ్ముతావా?"

అక్క నమ్ముతానని అనలేదు. ఆయన అంత పని చెయ్యడు అని మాత్రం అంది. అని, నా వైపు చూసింది. నేను మజ్జిగ పోసుకోవడంలో పడ్డాను.

ఆ తరవాత తల్లీకూతుళ్లు చాలా అనుకున్నారు. ఎనిమిది నెలలు అబద్ధం ఆడమని ఎవరు చెప్పారని అక్క, చెబితే ఈ ఇంట్లో ఆ పని చెయ్యనిచ్చేవారా అని బుల్లి. నాన్నని మంచి చేసుకోవడం తెలియదు గానీ ఇంజన్ని చేసిందట అని అక్క, నువ్వు మాత్రం ముప్ఫై ఏళ్లలో ఆయనతో ఒక్కసారైనా కాదన్నావా అని బుల్లి. చివరికి ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. షెడ్డులోంచి ఉలుకూ పలుకూ లేదు. ఇటుక గోడ ఒక్కటే అడ్డం, అన్నీ వినపడే ఉంటాయి.

మూడింటికి టీ పెట్టి నేనే తీసుకెళ్లాను. అక్క వెళ్తే ఏడుస్తుంది, బుల్లి వెళ్తే ఆయన లేచి పోతాడు. నాకు ఆ రెండు భయాలూ లేవు. మరదలి మీద అలిగిన బావ ఇంకా పుట్టలేదు.

షెడ్డులో బావ బల్ల ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కంచం కడిగి బోర్లించి ఉంది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, దాని మీద వరసగా ఆరు స్పార్క్ ప్లగ్గులు పెట్టాడు. ఒక్కోదాని కింద సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని మూడోదాన్ని వెలుతురులో తిప్పి చూస్తున్నాడు.

టీ ఇవ్వడం మర్చిపోయి ఆ బల్ల మీదకి వంగాను.

ఎందుకంటే ఆ గుడ్డ నాకు తెలుసు. ఏ ఇంజన్ మీద ఆయనకి మనసు పడినా చివరికి చేసే పని ఇదే. పూర్తి వేగానికి తీసుకెళ్తాడు. కాసేపు వింటాడు. ఆ పరుగులోనే టక్కున ఆపేస్తాడు. వేడి మీదే ప్లగ్గులు విప్పి, మొనల మీద రంగు చూస్తాడు. పెట్రోలు, గాలి సరిగ్గా కుదిరాయా లేదా అన్నది ఆ రంగే చెబుతుంది. నెమ్మదిగా తిరగనిచ్చి ఆపితే రంగు మారిపోతుందట. నిండు పరుగులోనే ఆపాలి అన్నది ఆయన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి పాఠం. నచ్చని ఇంజన్‌కి ఈ మర్యాద చెయ్యడు. వాటిని పేరుకి చూసి పంపించేస్తాడు.

ప్లగ్గులు లెక్కపెట్టాను. ఆరు. ఆయనవి ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు.

"బుల్లి ఇంజన్‌వా బావా?"

టీ కప్పు అందుకున్నాడు, తాగలేదు. ఆ మూడోదాన్ని నా చేతిలో పెట్టాడు.

"రంగు చూడు."

చూశాను. మొన మీద లేత గోధుమ రంగు. మిగతావీ చూడమన్నాడు. అన్నీ అదే. నాకేం తెలుస్తుందని అడిగాను.

"ఆరింటికీ ఒకటే రంగు. నా ఇంజన్లలో ఒక్కదానికైనా ఇలా రాలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి కొంచెం నల్లగానో తెల్లగానో ఉండేది. అది చేసిన దాంట్లో ఒక్కటి కూడా తేడా లేదు."

నాలుగు రోజులుగా ఇంటిల్లిపాదీ ఆ మనిషి కోపంగా ఉన్నాడనుకుంటున్నాం. ఆయన ఇక్కడ కూర్చుని కూతురు చేసిన పని చూసుకుంటున్నాడు.

నిదానంగా ఒక్కొక్కటే రాబట్టాను. ఆదివారం తెలిశాక మూడు రోజులు ఆగాడట. బుధవారం షిఫ్టు అయ్యాక, ఎవరూ లేనప్పుడు చూద్దామని వెళ్లాడట. మోత తక్కువే గానీ లాగుడు భయంకరంగా ఉందన్నాడు. ఆ మాట సంతోషంగానే అన్నాడు. పన్నెండు నిమిషాలు విని, చేతి అలవాటు కొద్దీ ఆపేసి, ప్లగ్గులు విప్పుకుని వాటి చోట కొత్తవి బిగించి వచ్చాడు. అలా ఆపకూడదని గురువారం తెలిసింది. అది కూడా తన దగ్గర పని నేర్చుకున్న నలుగురు మెకానిక్కులు నవ్వుతూ మాట్లాడుకుంటుంటే వెనక నిలబడి విన్నాడు.

"ఈ మాట బుల్లితో చెప్పు," అన్నాను. "ఇప్పుడే చెప్పు. కావాలని చెయ్యలేదని తెలిస్తే చాలు దానికి."

"కావాలని చేశాననుకుంటే ఏమవుతుంది? చెడ్డవాడంటారు, ఉద్యోగం తీసేస్తారు. అయితే అయింది." ప్లగ్గుని గుడ్డ మీద మళ్లీ దాని చోట పెట్టాడు. "తెలియక చేశానంటే ఏమంటారో తెలుసా? పాపం పెద్దాయన, ఆయనకేం తెలుసులే అంటారు. ముప్ఫై ఒక్కేళ్లు ఆ ఇంజన్ల హాల్లో ఏ ఇంజన్ ఆగినా నన్ను పిలిచారు. ఆ పాపం అనే మాట నేను పడలేను."

బుల్లికి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. పావుగంట కూడా నిలబడలేదు ఆ ఒట్టు. పాపమో పుణ్యమో తరవాత చూసుకుంటానని వెళ్లి బుల్లి పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

అది ముందు అడిగిన మాట ఏంటో చెబితే నవ్వుతారు. ఆరింటికీ ఒకటే రంగా అని అడిగింది. అవునన్నాను. ఆ తరవాత ఏడ్చింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని, చప్పుడు బయటికి రాకుండా, అచ్చం తండ్రి తలుపు వేసినట్టే ఏడ్చింది.

అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను నేను. తెలియక చేశారని రాసేస్తే మందలించి వదిలేస్తారు, కొన్నాళ్లు నలుగురూ పాపం అంటారు, తరవాత మర్చిపోతారు. ఆ మాటే అన్నాను. బుల్లి కళ్లు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది.

"తెలియకపోతే ఎందుకు తెలియలేదని అడుగుతారు పిన్నీ."

ఐదు నిమిషాలు ఆగి ఆపాలన్న కాగితం ఒకటి ఉందట. టెస్టింగు గది కార్డున్న ప్రతి మనిషికీ అది ఇచ్చి సంతకం తీసుకోవాలి. కాగితం కింద తయారు చేసినవాళ్ల పేరు ఉంటుంది, అంటే బుల్లి పేరు. నాన్న చేతికి వెళ్తే తన గుట్టు బయటపడుతుందని, ఇవ్వాల్సినవాళ్ల జాబితాలోంచి ఆయన పేరు తనే తీసేసింది. పద్దెనిమిది మందిలో పదిహేడు మందికి చేరింది. చేరనిది ఆయనొక్కడికే.

ఇది బయటికొస్తే తనని ఆ ఇంజన్ మీంచి తీసేస్తారని తనే చెప్పింది. డైరెక్టర్ గారు ఎప్పటినుంచో బయటి కంపెనీ ఇంజన్ తెచ్చి బిగిద్దామని చూస్తున్నారు. సాకు దొరికితే వదలరు.

"మరి ఏం రాస్తావు?"

లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. సాయంత్రందాకా రాసింది. నన్ను చూడనివ్వలేదు.

సోమవారం పొద్దున ముగ్గురం వేరువేరుగా ఫ్యాక్టరీకి వెళ్లాం. ఒకే ఇంట్లోంచి, ఒకే దారిలో, ఒకరి వెనక ఒకరు నాలుగేసి అడుగుల దూరంలో. ఎదురైనవాళ్లు నవ్వాలో వద్దో తెలియక తలలు తిప్పుకున్నారు. కుట్టు విభాగం తరఫున కార్మికుల కమిటీలో నేనున్నాను కాబట్టి విచారణలో నాకూ ఒక కుర్చీ ఉంది. బంధువునని ముందే చెప్పాను. ఫర్వాలేదు, వినడానికి కూర్చోండి, మేం చర్చించుకునేటప్పుడు బయటికి పంపిస్తాం అన్నారు. నా నోటి సంగతి వాళ్లకి తెలిసినట్టే ఉంది.

గదిలో పొడుగు బల్ల. ఆ చివర డైరెక్టర్ గారు, పక్కన టెస్టింగు గది ఇన్‌చార్జి. ఈ చివర బావ, ఉతికిన చొక్కాతో. ఆయనకి ఎదురుగా బుల్లి, చేతుల కింద మూసిన ఫైలు. ఆ నాలుగు రోజుల్లో వాళ్లిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదటిసారి. ఒకరినొకరు చూసుకోలేదు.

రిపోర్టు తెరవకముందు ఆయన్ని అడగడం పద్ధతి అన్నారు డైరెక్టర్ గారు. మర్యాదగానే మాట్లాడారు. సాక్ష్యాల కట్ట బావ ముందుకి జరిపి, చదువుకుని చెప్పండి, తొందరేం లేదు అన్నారు.

బావ కళ్లజోడు పెట్టుకున్నాడు. మొదటి కాగితం, కార్డు టైము. చూసి పక్కన పెట్టాడు. రెండోది, ఇంజన్ వేగం. అదీ పెట్టాడు. మూడోది పద్దెనిమిది గళ్ల జాబితా. వేలు పెట్టి పై నుంచి కిందికి ఒక్కొక్క పేరూ చదువుకుంటూ వచ్చాడు. పదిహేడు సంతకాలు. ఒక గడిలో పేరు కొట్టేసి ఉంది. వేలు అక్కడ ఆగింది. పక్కనే కొట్టేసినవాళ్ల పొట్టి సంతకం ఉంది. చిన్నప్పుడు ఆ అక్షరాలు దిద్దించింది ఆయనే.

టెస్టింగు ఇన్‌చార్జి దగ్గాడు. బుల్లి కళ్లు బల్ల మీదే ఉన్నాయి, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ కాగితాన్ని కూడా మిగతా వాటి మీద పెట్టి, అంచులు సరిచేసి, బావ తలెత్తాడు.

"తెలిసే చేశాను," అన్నాడు. "ఆ ఇంజన్ నాకు నచ్చలేదు. అలా ఆపితే పోతుందని నాకు తెలుసు. కాగితం ఇచ్చినా ఇవ్వకపోయినా తెలుసు. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు."

కూతుర్ని కాపాడటానికి తనది కాని చెడ్డతనం ఆయన అంత తేలిగ్గా, టీ కావాలని అడిగినంత మామూలుగా నెత్తిన వేసుకున్నాడు. పైగా ఆ చివరి మాట ఎవరి కోసమో గదిలో నాకూ బుల్లికీ తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

డైరెక్టర్ గారు నిట్టూర్చారు. ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసు, ఇలా ముగుస్తుందనుకోలేదు అన్నారు. తరవాత బుల్లి వైపు తిరిగి, మీ రిపోర్టు కూడా ఇదే చెబుతోందా, అయితే సంతకం చేసి ఇచ్చెయ్యండి, ఇక్కడితో ముగిద్దాం అన్నారు.

బావ అప్పుడు చూశాడు కూతురి వైపు. ఇచ్చెయ్యి అని ఆ చూపులోనే ఉంది.

బుల్లి లేచి నిలబడింది.

"ఆయన అబద్ధం చెబుతున్నారు. ఆయనకి తెలీదు. చెప్పాల్సింది నేను, చెప్పలేదు. కావాలనే ఆయన పేరు కొట్టేశాను. అంతా ఇందులో రాశాను."

ఫైలు బల్ల మీద ముందుకి తోసింది. నేను బావ వైపే చూస్తున్నాను. ఇంజన్ని పగబట్టి పాడు చేసినవాడని అన్నన్ని రోజులూ దించని తల అప్పుడు దించాడు. ఆ చివర్నించి టెస్టింగు ఇన్‌చార్జి, పాపం పెద్దాయన అన్నాడు. మెల్లగానే అన్నాడు, అందరికీ వినపడింది.

మా ముగ్గుర్నీ బయట కూర్చోమన్నారు. వరండాలో ఒకటే బెంచీ. బుల్లి ఒక చివర కూర్చుంది. నేను మధ్యలో కూర్చుని, రా బావా అన్నట్టు పక్కకి జరిగాను. ఆయన కూర్చోలేదు. మా ఎదురుగా నిలబడ్డాడు. ఆదివారం తరవాత కూతురితో మొదటిసారి మాట్లాడాడు.

"ఎందుకు చెప్పావు?"

"నిజం కాబట్టి నాన్నా."

"ఆ నిజం నాది. దాచుకుంటానో చెప్పుకుంటానో నేను చూసుకునేవాణ్ణి. ఎనిమిది నెలలు నాకు చెప్పకుండా నీ ఇష్టం వచ్చినట్టు చేశావు. ఇవాళ నాతో చెప్పకుండా నన్ను వాళ్ల ముందు పెట్టావు. నీకు రెండుసార్లూ నన్ను ఒక్కమాట అడగాలనిపించలేదు కదా."

ఆయన గొంతు పెంచలేదు. బుల్లి పెదవి కొరుక్కుని తండ్రి బూట్ల వైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఏదో అనబోయాను, ఈసారికి నువ్వు ఊరుకో అన్నట్టు ఆయన చెయ్యి ఎత్తాడు. ఊరుకున్నాను.

తలుపు తెరుచుకుంది. అమ్మాయిగారు ఒక్కరే లోపలికి రావాలట అన్నాడు ప్యూను. బుల్లి లేచి, ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగింది.

"నాన్నా, ఇప్పుడు అడుగుతున్నాను. లోపల ఏం చెప్పమంటావు?"